ల్యాబుకు ఇచ్చే ముందే ఫోటో మీరే కత్తిరించుకోండి

ప్రశ్న: మేము చెన్నై పెరంబూరులో ఉంటాం. మొన్న మా మామగారి షష్టిపూర్తి చేశాం. ఫోటోగ్రాఫర్‌ని పెట్టుకోలేదు, ఇంట్లోవాళ్ళమే ఫోన్లలో తీసుకున్నాం. నూట ఇరవై ఫోటోలు ఏరి 4×6 సైజులో ప్రింట్ వేయించాను. చాలావాటిలో పైన తలలు, కింద పాదాలు తెగిపోయి వచ్చాయి. మా అత్తగారి తల్లి ఉన్న ఒక్కగానొక్క గ్రూప్ ఫోటోలో ఆవిడ కొప్పు సగం లేదు. ఫోన్లో చూస్తే అంతా నిక్షేపంగా ఉంది. కొన్ని నల్లగా వచ్చాయి. హాల్లో పెట్టడానికి 12×18 వేయిస్తే మొహాలు మసకగా ఉన్నాయి. ల్యాబులో అడిగితే "మీ ఫైలే అంతమ్మా" అన్నారు. వచ్చే నెల నెల్లూరు వెళ్ళేటప్పుడు అత్తగారి చేతిలో ఆల్బం పెట్టాలి. వాళ్ళ పెళ్ళినాటి బ్లాక్ అండ్ వైట్ ఫోటో కూడా 8×10 చేయించాలని ఉంది. మళ్ళీ డబ్బు పోసి అదే తప్పు చేస్తానేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, పెరంబూరు

సమాధానం:

అమ్మా, ముందు మీరు స్థిమితపడండి. ఫోన్లో ఉన్న ఫోటోకి ఏమీ కాలేదు. అమ్మమ్మగారి కొప్పు అందులో భద్రంగా ఉంది. తెగింది కాగితం మీదే. ఆ నూట ఇరవైలో బాగా వచ్చినవి పక్కన పెట్టుకోండి, అన్నీ మళ్ళీ వేయించనక్కర్లేదు. నెల రోజుల టైముంది, ఈ పనికి రెండు సాయంత్రాలు చాలు.

మీ ఉత్తరంలో నిజానికి మూడు వేరువేరు సమస్యలున్నాయి. తల తెగడం ఒకటి, మసక ఒకటి, నలుపు ఒకటి. మూడింటికీ కలిపి "ఫైలే అంత" అనేశారు ల్యాబువాళ్ళు. మసక విషయంలో ఆ మాటలో కొంత నిజం ఉంది. తల తెగడంలో మాత్రం ఫైలు తప్పు ఏమీ లేదు.

ఫోన్ తీసే ఫోటో ఆకారం 4:3. పొడవు నాలుగు పాళ్ళయితే వెడల్పు మూడు పాళ్ళు. 4×6 కాగితం ఆకారం 3:2, అంటే ఇంకాస్త సన్నంగా, పొడుగ్గా ఉంటుంది. అడ్డంగా తీసిన మీ గ్రూప్ ఫోటోని ఆరంగుళాల వెడల్పుకి సరిపెడితే దాని ఎత్తు నాలుగున్నర అంగుళాలు అవుతుంది. కాగితం ఎత్తు నాలుగే. మిగిలిన అరంగుళం ఎక్కడో ఒకచోట పోవాలి కదా. మెషీన్‌కి ఎవరి తల ఎక్కడుందో తెలియదు. పైన పావంగుళం, కింద పావంగుళం సమానంగా తీసేస్తుంది. అంటే మీ ఫోటో ఎత్తులో తొమ్మిదో వంతు మాయం. గ్రూప్ ఫోటోలో వెనక వరస తలలూ, ముందు కూర్చున్నవాళ్ళ పాదాలూ ఉండేది సరిగ్గా అక్కడే. నిలువుగా తీసిన ఫోటోలకి ఇదే కోత పక్కల పడుతుంది. అంచున నిలబడినవాళ్ళ భుజాలు పోతాయి. మీరింకా చూసుకున్నారో లేదో, ఒకసారి ఆ ప్రింట్లు తిరగేయండి.

మీ ఇంట్లో ఎవరైనా కెమెరాలో "ఫుల్" అనో, 16:9 అనో పెట్టుకుని తీసి ఉంటే కోత ఇంకా ఎక్కువ. అలా నిలువుగా తీసిన ఫోటో నాలుగంగుళాల వెడల్పుకి ఏడంగుళాలు దాటుతుంది. కాగితం ఆరు. అంగుళం పైన పోతుంది. నిలువు ఫోటోల్లో తలా పాదాలూ రెండూ తెగినవి బహుశా ఆ ఫోన్లో తీసినవే.

ఫిల్ము రోజుల్లో ఈ గొడవ లేదు. రీలులో ఒక్కో ఫ్రేము 24 మిల్లీమీటర్లు ఎత్తు, 36 మిల్లీమీటర్లు వెడల్పు. 1925లో లైకా కెమెరా మార్కెట్లోకి వచ్చాక ఆ కొలతే లోకమంతా స్థిరపడింది. 24కి 36 అంటే సరిగ్గా 3:2. అందుకే మేం ల్యాబు కౌంటర్లో మ్యాక్సీ అని పిలిచిన 4×6 కాగితం ఆ ఫ్రేముకి అతికినట్టు సరిపోయేది. డిజిటల్ వచ్చాక చిన్న కెమెరాలు, ఫోన్లు పాత టీవీ, కంప్యూటర్ తెరల ఆకారమైన 4:3 పట్టుకున్నాయి. కాగితం మాత్రం ఫిల్ము కొలతలోనే ఉండిపోయింది. 8×10 దగ్గరికొస్తే అది ఇంకా పాతది, పెద్ద ప్లేటు కెమెరాల నాటి కొలత, దాని ఆకారం 5:4. ఒకే షాపులో ఒకే ధరల పట్టీ మీద ఉన్న సైజులు ఇలా వేరువేరు కాలాలవి. "పెద్ద సైజు అంటే అదే ఫోటో పెద్దగా వస్తుంది" అని మనం అనుకుంటాం. కానీ 4×6 నుంచి 8×10కి వెళ్తే ఫోటో పెరగడమే కాదు, ఆకారమే మారిపోతుంది.

కోడంబాకంలో ఒక కలర్ ల్యాబులో నేను చాలా ఏళ్ళు మెషీన్ దగ్గర కూర్చున్నాను. అప్పుడు జరిగిన ఒక సంగతి చెప్పాలి. ఒక తెలుగాయన గృహప్రవేశం ఫోటోలు తెచ్చారు, రెండొందలు పైనే. డిజిటల్ కెమెరాతో ఆయనే తీసుకున్నారు. మెషీన్‌ని కాగితం నిండా వచ్చేట్టు పెట్టి అన్నీ ఒకే ఊపులో వేసేశాను. సాయంత్రం ఆయన వచ్చి కౌంటర్ దగ్గరే కవరు విప్పి చూసుకున్నారు. గుమ్మం ముందు ఆవు, దూడ, పక్కన దంపతులు. ఫోటో చక్కగా ఉంది. ఆయన మాత్రం ఏమీ మాట్లాడకుండా ప్రింటు పై అంచు మీద వేలు పెట్టి చూపించారు. గుమ్మం పైన గ్రానైటు పలక మీద వాళ్ళ నాన్నగారి పేరు తెలుగులో చెక్కించారట. నా ప్రింటులో అక్షరాల కింది సగమే ఉంది. తలకట్లు, గుడులు అన్నీ పోయాయి. ఆ ఫోటోలు తీయడంలో ఆయన ఉద్దేశమంతా ఆ పేరే. నాకు అది గోడ మీది రాయి. ఆయన అడగకముందే అన్నీ మళ్ళీ వేసిచ్చాను, ఒక్కొక్కటీ చేత్తో సర్ది. ఆ రోజు నుంచీ ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే. ఏది పోకూడదో తీసినవాళ్ళకే తెలుసు. కాబట్టి కత్తెర మీ చేతిలోనే ఉంచుకోండి. ల్యాబుకి వెళ్ళేసరికి ఫోటో అప్పటికే కాగితం ఆకారంలో ఉండాలి, వాళ్ళు కోయడానికి ఏమీ మిగలకూడదు.

ఎలాగో చెప్తాను. మీ ఫోన్లో గూగుల్ ఫోటోస్ ఉంటే ఫోటో తెరిచి ఎడిట్ నొక్కి, క్రాప్‌కి వెళ్ళండి. అక్కడ ఆకారం మార్చే చిన్న గుర్తు ఉంటుంది. అది నొక్కితే 3:2, 4:3, 5:4 లాంటి అంకెలు వస్తాయి. 4×6కీ, 8×12కీ, 12×18కీ అన్నిటికీ 3:2 యే. ఐఫోన్ అయితే ఎడిట్, క్రాప్ తర్వాత పైన ఉన్న గుర్తు నొక్కితే 2:3, 5:7, 8:10 అని నేరుగా సైజులే కనిపిస్తాయి. ఆకారం ఎంచుకున్నాక గీతల చట్రం వస్తుంది. ఇక వేలితో ఫోటోని పైకీ కిందికీ జరపండి. ఆ అరంగుళం ఎక్కడ పోవాలో ఇప్పుడు మీరే చెప్తున్నారు. షష్టిపూర్తి ఫోటోల్లో సాధారణంగా కింద కార్పెట్టు, అక్షింతల పళ్ళేలు, ఎవరివో చెప్పులు ఉంటాయి. మొత్తం కోత అక్కడ పెట్టండి, పైన ఒక్క వెంట్రుక కూడా పోదు. మెషీన్ పైనా కిందా చెరిసగం తీస్తుంది, మీరు మొత్తం కిందే తీయొచ్చు. తేడా అంతా అదే.

సేవ్ చేసేటప్పుడు తప్పకుండా కాపీగా సేవ్ చేయండి. అసలు ఫోటో ముట్టుకోవద్దు. రేపు ఇంకో సైజు కావాలంటే మళ్ళీ అసలు దగ్గర నుంచే మొదలుపెట్టాలి. ఒకసారి కోసినదాన్ని మళ్ళీ కోసుకుంటూ, మళ్ళీ మళ్ళీ సేవ్ చేసుకుంటూ పోతే జేపెగ్ ఫైలు ప్రతిసారీ కాస్త నాణ్యత పోగొట్టుకుంటుంది.

అంచులో కాస్త ఖాళీ వదలడం కూడా మర్చిపోకండి. బోర్డరు లేకుండా వేసే ప్రింటులో మెషీన్ ఫోటోని కాగితం కన్నా ఒక పిసరు పెద్దది చేసి వేస్తుంది, లేకపోతే అంచున తెల్ల గీత వస్తుందని. దాంతో చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్లు ఎలాగూ పోతాయి. ఫ్రేము కట్టిస్తే చెక్క అంచు ఇంకో నాలుగైదు మిల్లీమీటర్లు కప్పేస్తుంది. అందుకని మొహం గానీ, చేతి గాజులు గానీ, పేరు రాసిన బోర్డు గానీ చట్రానికి ఆనుకుని ఉండకూడదు.

ఎంత జరిపినా కుదరని ఫోటోలు కొన్ని ఉంటాయి. మీ అమ్మమ్మగారి గ్రూప్ ఫోటో అలాంటిదే అనుకుంటాను. పైన కొప్పు అంచుకి తగులుతోంది, కింద పిల్లలు కూర్చున్నారు. అలాంటప్పుడు కోయొద్దు. ల్యాబులో "ఫుల్ ఇమేజ్, వైట్ బార్డర్‌తో" అని అడగండి. మీ 4:3 ఫోటో మొత్తం నాలుగంగుళాల ఎత్తులో పడుతుంది, రెండు పక్కలా మూడో వంతు అంగుళం తెల్లగా మిగులుతుంది. ఆ తెలుపు కొంతమందికి నచ్చదు. అయితే తల పోవడం కన్నా ఆ తెలుపు ఎంతో నయం. ఆల్బంలో పెట్టాక ఎవరూ దాన్ని గమనించరు కూడా.

ఇక మసక సంగతి. 12×18 వేయించిన ఫోటో మీ ఫోన్లో తీసిందా, లేక ఎవరో వాట్సాప్‌లో పంపిందా? మీరు రాయలేదు కానీ ఫ్యామిలీ గ్రూపులోంచి తీసుకున్నదే అయ్యుంటుంది. తొంభై పాళ్ళు అక్కడే దెబ్బ తింటాం. వాట్సాప్ మామూలుగా పంపే ఫోటోని కుదించేస్తుంది, పొడవు వైపు సుమారు 1600 పిక్సెళ్ళకి. పిక్సెల్ అంటే ఫోటోలో ఒక చుక్క. ముగ్గు వేసేటప్పుడు చుక్కలు దగ్గరదగ్గరగా పెడితే గీత సాఫీగా వస్తుంది, దూరందూరంగా పెడితే వంకర తెలుస్తుంది. ప్రింటు కూడా అంతే. అంగుళానికి 300 చుక్కలుంటే చేతిలో పట్టుకుని దగ్గరగా చూసినా నిఖార్సుగా ఉంటుంది. 200 ఉన్నా బాగానే ఉంటుంది. 150కి దిగితే గోడ మీద దూరం నుంచి చూడటానికి పరవాలేదు. వంద దిగితే మసక.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. వాట్సాప్ ఫోటో 1600 చుక్కల్ని పద్దెనిమిది అంగుళాల మీద పరిస్తే అంగుళానికి 89 చుక్కలు. అందుకే మొహాలు అలుక్కుపోయాయి. అదే ఫోటో 4×6 మీద వేస్తే ఆరంగుళాలకి 1600, అంటే అంగుళానికి 267. బాగానే వస్తుంది! "ఆల్బంలో బాగుంది, గోడ మీద బాలేదు" అని చాలామంది తికమకపడేది ఇక్కడే. ఒకే ఫైలు ఒక సైజుకి సరిపోతుంది, ఇంకోదానికి చాలదు.

ఫోన్లో ఉన్న అసలు ఫోటో సంగతి వేరు. ఈ రోజుల్లో ఫోన్లు మామూలుగా దాచే ఫోటో 12 మెగాపిక్సెళ్ళు, దాదాపు 4000కి 3000 చుక్కలు. డబ్బా మీద 50 అనో 108 అనో ఉన్నా, ప్రత్యేకంగా ఆ మోడ్ పెట్టకపోతే చాలా ఫోన్లు 12 గానే దాస్తాయి. 4000 చుక్కలు పద్దెనిమిది అంగుళాలకి పంచితే అంగుళానికి 222. మీ హాల్లో సోఫా దగ్గర నుంచి చూస్తే చక్కగా ఉంటుంది. కాబట్టి మీ 12×18 సమస్యకి మందు, ఆ ఫోటో ఎవరి ఫోన్లో తీశారో కనుక్కుని అసలు తెప్పించుకోవడమే. వాట్సాప్‌లోనే పంపమనండి, కానీ ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా. అటాచ్ గుర్తు నొక్కి డాక్యుమెంట్ ఎంచుకుంటే ఫైలు కుదించకుండా ఉన్నదున్నట్టు వస్తుంది. హెచ్‌డీ బటన్ ఉంది కదా అంటారు కొందరు. అది మామూలు దాని కన్నా మేలే, కానీ అసలు కాదు. గూగుల్ డ్రైవ్ లింకు పంపినా సరే. మరుదులు, ఆడపడుచులు అందరికీ ఇవాళే ఫోన్ చేయండి. కొత్త ఫోన్ కొన్నారనో, మెమరీ నిండిందనో ఎవరైనా అసలు చెరిపేస్తే ఇక దొరకదు. స్క్రీన్‌షాట్ తీసి పంపుతామంటే మాత్రం వద్దనండి. అందులో ఉండేది తెర చుక్కలే, ఫోటో చుక్కలు కావు.

మీకు ఎవరైనా "ఫోటో 72 డీపీఐ ఉంది, 300 చేసి తీసుకురండి" అని చెప్పొచ్చు. డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే అంకె. దాని గురించి దిగులు పడకండి. ఆ అంకె ఫైలు మీద అతికించిన చీటీ లాంటిది. 4000కి 3000 చుక్కలున్న ఫోటో మీద 72 అని రాసి ఉన్నా, 300 అని రాసి ఉన్నా వచ్చే ప్రింటు ఒకటే. చూడాల్సింది మొత్తం చుక్కలు ఎన్ని అనే. ఫోటో వివరాల్లో అది కనిపిస్తుంది. 4×6కి 1800కి 1200, 8×10కి 3000కి 2400 ఉంటే నిశ్చింత. కాస్త తక్కువైనా భయం లేదు.

12×18కి మళ్ళీ డబ్బు పోసే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ఇది నేను ల్యాబులో అందరికీ చెప్పేవాణ్ణి. 12×18 కాగితంలో సరిగ్గా తొమ్మిది 4×6 లు పడతాయి, అడ్డంగా మూడు, నిలువుగా మూడు. 3:2కి కోసుకున్న మీ ఫోటోని పొడవులో మూడో వంతు, ఎత్తులో మూడో వంతు ఉండే ఒక ముక్కగా, మామగారి మొహం అందులో పడేట్టు కోయండి. ఆ ముక్కని 4×6 ప్రింటు వేయించండి. పెద్ద ప్రింటులో ఆ మొహం ఎంత సైజులో, ఎంత నిఖార్సుగా వస్తుందో సరిగ్గా అదే మీ చేతిలో ఉంటుంది. ఒక చిన్న ప్రింటు ఖర్చుతో తేలిపోతుంది. గోడకి ఆనించి నాలుగడుగులు వెనక్కి వెళ్ళి చూడండి. నచ్చితే పెద్దది వేయించండి, లేకపోతే 8×12తో సరిపెట్టుకోండి. ఆకారం అదే కాబట్టి మళ్ళీ కోయక్కర్లేదు.

మసక ఫోటోని ఒక్క నొక్కుతో బాగుచేస్తామనే యాప్‌లు ఇప్పుడు బోలెడున్నాయి. పెద్దవాళ్ళ మొహాల మీద వాటిని వాడొద్దని గట్టిగా చెప్తున్నాను. ఆ యాప్ పోయిన వివరాన్ని తిరిగి తేలేదు. మొహం ఇలా ఉంటుందని ఊహించి గీస్తుంది. అమ్మమ్మగారి ముడతలు పోతాయి, కంటి కింద పుట్టుమచ్చ పోతుంది, పళ్ళు ఎవరివో వస్తాయి. ఫోన్లో చూస్తే "అబ్బ, ఎంత బాగుందో" అనిపిస్తుంది. ప్రింటు వేసి వాళ్ళ అమ్మాయి చేతిలో పెడితే, "ఇది మా అమ్మ కాదే" అంటుంది. మసకగా ఉన్న అసలు మొహాన్ని చిన్న సైజులో వేయించుకోవడమే మంచిది.

ప్రింట్లు నల్లగా రావడానికి కారణం చాలాసార్లు మన తెర. ఫోన్ తెర వెనక నుంచి వెలిగే దీపం లాంటిది, కాగితం తన మీద పడిన వెలుతురునే తిప్పి పంపుతుంది. ఫుల్ బ్రైట్‌నెస్‌లో చూసిన హోమం ఫోటో కాగితం మీదికొచ్చేసరికి చీకటి కోణంలా ఉంటుంది. బ్రైట్‌నెస్ సగానికి తగ్గించండి, కళ్ళకి హాయి అని పెట్టుకునే పసుపు రంగు ఫిల్టరు ఆపేయండి, పగటిపూట కిటికీ దగ్గర కూర్చుని ఒకసారి అన్నీ తిరగేయండి. అప్పుడు నల్లగా అనిపించినవాటికి ఎడిట్‌లో వెలుతురు కొద్దిగా పెంచండి. నీడల్ని పెంచే షాడోస్ అనేది వాడితే ఇంకా మంచిది, తెల్ల పంచె తెల్లగానే ఉండి మొహాలు మాత్రం తేరుకుంటాయి. ఎర్ర పట్టుచీరలున్న ఫోటోల్లో రంగు పెంచే జోలికి మాత్రం పోకండి. ఎరుపు ముద్దగా అయిపోయి జరీ గీతలు కలిసిపోతాయి. మీరు ఇలా సరిచేసుకున్నాక ల్యాబులో "కరెక్షన్ వద్దు, ఉన్నదున్నట్టు వేయండి" అని చెప్పండి. లేకపోతే వాళ్ళ మెషీన్ మళ్ళీ తన లెక్కలో మారుస్తుంది.

ఐఫోన్ వాడేవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. 2017 నుంచి ఐఫోన్లు ఫోటోల్ని హెచ్‌ఈఐసీ అనే రకంలో దాస్తున్నాయి. కొన్ని షాపుల కంప్యూటర్లలో అది తెరుచుకోదు, తెరుచుకున్నా రంగులు కాస్త పాలిపోవచ్చు. ఇచ్చే ముందు జేపెగ్‌గా మార్చండి. కంప్యూటర్లో మార్చేవాళ్ళు రంగుల రకం అడిగితే ఎస్ఆర్‌జీబీ అని పెట్టుకుంటే చాలు, ల్యాబు మెషీన్లు ఆశించేది దాన్నే.

కాగితం విషయంలో నా ఓటు మ్యాట్‌కే, ముఖ్యంగా చెన్నైలో. గ్లాసీ మీద రంగులు మెరుస్తాయి కానీ ఆల్బం పదిమంది చేతులు మారేసరికి వేలిముద్రలు పడతాయి. మన ఉక్కపోత సంగతి మీకు చెప్పక్కర్లేదు. చెమ్మకి గ్లాసీ ప్రింటు అద్దానికో, ఆల్బం ప్లాస్టిక్కుకో అతుక్కుంటే ఊడదు, ఊడితే రంగుతో సహా ఊడుతుంది. 12×18 ఫ్రేము కట్టించేటప్పుడు ఫోటోకీ అద్దానికీ మధ్య మౌంటు బోర్డు, అంటే నడుమ కోసిన అట్ట చట్రం పెట్టమనండి, కాస్త ఎడం ఉంటుంది. వానాకాలంలో చెమ్మ దిగే గోడకి తగిలించకండి. నేరుగా ఎండ పడే చోట కూడా వద్దు. జిగురు పేజీల ఆల్బంల జోలికి వెళ్ళొద్దు, జేబుల ఆల్బం తీసుకోండి.

ఇప్పుడు అత్తగారి పెళ్ళి ఫోటో. అది ఫ్రేములో ఉందా, విడిగా ఉందా? ఫ్రేములో ఉండి అద్దానికి అతుక్కుపోయి ఉంటే దయచేసి లాగకండి. అద్దంతో సహా స్కాన్ చేయించొచ్చు. విడిగా ఉంటే స్కానర్ అద్దం మెత్తటి గుడ్డతో తుడిచి, 600 డీపీఐలో స్కాన్ చేయమనండి. ఇక్కడ డీపీఐ అంకెకి నిజంగా విలువుంది, ఎందుకంటే కాగితం నుంచి అంగుళానికి ఎన్ని చుక్కలు ఏరుతున్నామో అది చెప్తుంది. పాత పోస్టుకార్డు సైజు ఫోటో మూడున్నరకి అయిదు అంగుళాలనుకుంటే 600లో 2100కి 3000 చుక్కలొస్తాయి. 8×10కి అంగుళానికి 260 పైనే. బ్రహ్మాండంగా సరిపోతుంది. 300లో చేస్తే అందులో సగమే ఉంటుంది, పెద్దది చేస్తే తేలిపోతుంది. బ్లాక్ అండ్ వైట్ అయినా కలర్‌లోనే స్కాన్ చేయించండి. పసుపు మరకలు, సిరా మరకలు విడదీసి తీయడం తేలికవుతుంది. తర్వాత నలుపు తెలుపు చేసుకోవచ్చు.

ఆకారం సంగతి ఇక్కడా ఉంది. మూడున్నరకి అయిదు ఫోటో ఎనిమిది అంగుళాల వెడల్పుకి పదకొండున్నర దాకా పొడవు అవుతుంది. 8×10లో అంగుళంన్నర దాకా పోతుంది. పాత స్టూడియో ఫోటోల్లో పైన తెర, కింద తివాచీ చాలా ఉంటాయి కాబట్టి కోసినా బాగుండొచ్చు. కానీ పీటల మీద కూర్చున్న ఫోటో అయితే పాదాల దగ్గర పారాణి ఉంటుంది, అది పోనీయకండి. 8×12 వేయించండి. అందులో కోత నామమాత్రమే.

స్కానర్ దొరక్కపోతే ఫోన్‌తో తీయొచ్చు. ఫోటోని బల్ల మీద పరిచి, ఎండ తగలని కిటికీ పక్కన పెట్టండి. ఫ్లాష్ వద్దు, ట్యూబ్‌లైటు ఆర్పేయండి. ఫోన్ ఫోటోకి సరిగ్గా పైన సమాంతరంగా పట్టుకోండి. మరీ దగ్గరగా వంగకుండా కాస్త పైనుంచి తీస్తే అంచులు వంగవు.

ల్యాబుకి వెళ్ళే రోజు ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకోండి. ఇంటి ఫైళ్ళున్నది వద్దు, షాపు కంప్యూటర్లలో వైరస్ అంటుకోవడం మామూలే. అందులో సైజుకో ఫోల్డరు చేసి, దాని పేరులోనే సైజు, కాగితం రాయండి. రెండు కాపీలు కావాల్సినవి వేరే ఫోల్డరులో పెట్టండి. తెల్ల బోర్డరు కావాల్సినవి ఇంకొక ఫోల్డరులో. "వాట్సాప్‌లో పంపేయండి, చాలు" అని షాపువాళ్ళు అంటే ఒప్పుకోకండి, ఇంత కష్టపడి తెప్పించిన అసలు మళ్ళీ 1600కి పడిపోతుంది. మొదట అయిదే వేయించండి. ఒకటి చీకటిది, ఒకటి ఎర్ర చీరది, ఒకటి గ్రూప్, ఒకటి బోర్డరుది, ఇంకొకటి ఆ 12×18 ముక్క. పగటి వెలుతురులో చూసుకుని, బాగుంటే మిగతావి ఇచ్చి రండి.

ఇకమీద ఫోటోలు తీసేటప్పుడు కెమెరాని 4:3లోనే ఉంచి, తీసేవాళ్ళని ఒక అడుగు వెనక్కి వేయమనండి. చుట్టూ కాస్త ఖాళీ ఉంటే ఏ సైజుకైనా ఒదుగుతుంది.

ఆల్బంకి 4×6 లు ఎలాగూ చేస్తారు కదా, అమ్మమ్మగారి గ్రూప్ ఫోటో మాత్రం దానికి అదనంగా 6×8లో ఒకటి వేయించండి. ఆ కాగితం ఆకారం 4:3, మీ ఫోన్ ఫోటో ఆకారమే. పైనా కిందా ఏమీ కోయనక్కర్లేదు. అంచున పోయే ఆ రెండు మిల్లీమీటర్లు కూడా కొప్పుకి తగలకుండా సన్నటి తెల్ల బోర్డరు పెట్టించండి. నెల్లూరు వెళ్ళినప్పుడు ఆల్బం అత్తగారికి, ఇది ఆవిడ తల్లికి ఇవ్వండి. ఆ వయసులో కళ్ళకి 4×6లో మొహాలు చిన్నవైపోతాయి, ఇందులో ఆవిడే ఒక్కొక్కరినీ గుర్తుపట్టి పేర్లు చెప్తారు. చెప్పేటప్పుడు పక్కన కూర్చుని ఒక కాగితం మీద వరసగా రాసుకుని, ఆ కాగితాన్ని ఫోటో వెనక కవరులో పెట్టండి. ప్రింటు వెనక బాల్‌పెన్నుతో నొక్కి రాయకండి, అక్షరాలు ముందువైపు ఉబ్బుతాయి.